ఇంట్లో మనిషిని పోలీసులు తీసుకెళ్తే ఏం చేయాలి: మొదటి 24 గంటలు, ఆ తర్వాత

రాత్రి పూట ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చి ఎస్సై గారు పిలుస్తున్నారు, పది నిమిషాలు మాట్లాడి పంపించేస్తాం అని మీ అబ్బాయినో తమ్ముడినో బండెక్కించుకుని తీసుకెళ్తారు, ఇక ఇంట్లో వాళ్లకి కాళ్లూ చేతులూ ఆడవు. అప్పుడు చాలామంది చేసే మొదటి పని తెలిసిన లీడర్‌కి ఫోన్ చేయడం, ఆయన ఎత్తకపోతే ఆయన పీఏకి చేయడం, తర్వాత స్టేషన్ బయట టీ కొట్టు దగ్గర నిలబడే మధ్యవర్తి చేతిలో డబ్బులు పెట్టడం. ఆ రాత్రి అసలు పనికొచ్చేవి రెండే రెండు, ఒకటి టైమ్, రెండోది సెక్షన్ నంబర్. ఈ రెండూ మీ దగ్గర కాగితం మీద ఉంటే లాయర్ కూడా గట్టిగా పని చేయగలడు, లేకపోతే ఎంత పెద్ద లాయరైనా తెల్లారేదాకా ఏమీ చేయలేడు.

ముందుగా ఒక మాట, 2024 జులై 1 నుంచి చట్టాలు మారాయి. ఐపీసీ బదులు బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత), సీఆర్‌పీసీ బదులు బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) వచ్చాయి. ఆ తేదీకి ముందు జరిగిన నేరమైతే ఐపీసీ సెక్షన్లే పెడతారు, తర్వాత జరిగితే కొత్తవి. కాబట్టి 420, 498ఏ అని మనకి నోటికొచ్చిన నంబర్లు ఆ తేదీ తర్వాత జరిగిన నేరాల ఎఫ్ఐఆర్‌లో కనపడవు, కంగారు పడకండి.

మొదటి పని, మనిషి ఎక్కడున్నాడో, ఎన్ని గంటలకి తీసుకెళ్లారో రాసి పెట్టుకోండి

ఫోన్‌లోనే నోట్స్‌లో రాయండి చాలు, తేదీ, టైమ్, ఎంతమంది వచ్చారు, యూనిఫాంలో ఉన్నారా మఫ్టీలోనా, బండి నంబరు, ఏ స్టేషన్ అని చెప్పారు, చూసిన పక్కింటి వాళ్లెవరు. ఎదురింట్లోనో కిరాణా షాపులోనో సీసీ కెమెరా ఉంటే మర్నాడే వెళ్లి ఫుటేజ్ అడిగి కాపీ తీసుకోండి, కొన్నాళ్లకి అది దానంతటదే చెరిగిపోతుంది.

ఎందుకింత పట్టుబట్టి చెప్తున్నానంటే, అరెస్ట్ చేసిన మనిషిని 24 గంటల్లోపు మేజిస్ట్రేట్ ముందు పెట్టాలని రాజ్యాంగం 22వ ఆర్టికల్ చెప్తుంది, బీఎన్‌ఎస్‌ఎస్ 58వ సెక్షన్ కూడా అదే చెప్తుంది, ప్రయాణానికి పట్టే టైమ్ ఒక్కటే ఇందులో కలపరు. కొన్ని స్టేషన్లలో ఏం చేస్తారంటే సోమవారం రాత్రి తీసుకెళ్లిన మనిషిని కాగితాల మీద బుధవారం ఉదయం అరెస్ట్ చేసినట్టు రాసుకుంటారు. మనిషిని కదలనివ్వకుండా పట్టుకున్నప్పటి నుంచే ఆ 24 గంటలు లెక్క అని తెలంగాణ హైకోర్టు 2024లో చెప్పింది. మరి పట్టుకున్న టైమ్ ఎప్పుడో కోర్టులో చూపించేదెవరు, ఇంట్లో వాళ్లే కదా. అందుకే ఆ నోట్స్.

వాళ్లు చెప్పిన స్టేషన్‌కి వెళ్తే మా దగ్గర లేడు అనొచ్చు, హైదరాబాద్‌లో అయితే టాస్క్‌ఫోర్స్, ఎస్‌ఓటీ, సీసీఎస్ లాంటి పోలీసు ప్రత్యేక బృందాల వాళ్లు తీసుకెళ్లి ఉండొచ్చు, ఒక్కోసారి వేరే జిల్లా పోలీసులు వచ్చి ఉంటారు. 112కి ఫోన్ చేసి చెప్పండి, ఆ కాల్ రికార్డులో ఉంటుంది. ప్రతి జిల్లాలో అరెస్టయిన వాళ్ల పేర్లు, ఏ నేరమో రాసి పెట్టే ఆఫీసర్ ఉండాలని బీఎన్‌ఎస్‌ఎస్ 37వ సెక్షన్‌లో ఉంది, అక్కడ అడగండి. అరెస్ట్ చేసిన వెంటనే అతను చెప్పిన బంధువుకో స్నేహితుడికో ఎక్కడ ఉంచారో చెప్పాలని 48వ సెక్షన్. ఎవరూ జవాబు చెప్పకపోతే రాత్రికి రాత్రే ఎస్పీకి, సిటీ అయితే కమిషనర్‌కి, ఈమెయిల్, వాట్సాప్ రెండూ పెట్టండి, ఫలానా టైమ్‌కి ఫలానా వాళ్లు తీసుకెళ్లారు, ఎక్కడున్నాడో చెప్పడం లేదు అని రెండు లైన్లు చాలు. ఆ మెసేజ్ మీదున్న టైమ్ తర్వాత చాలా పనికొస్తుంది. 24 గంటలు దాటినా జాడ చెప్పకపోతే హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్, అంటే మనిషిని కోర్టు ముందుకి తెమ్మని అడిగే పిటిషన్, వేయొచ్చు, ఆంధ్రా వాళ్లకి అమరావతిలో, తెలంగాణ వాళ్లకి హైదరాబాద్‌లో, దీన్ని హైకోర్టు లేటు చేయకుండా వింటుంది.

రెండో పని, ఏ హోదాలో పిలిచారో అడగండి

ఇది చాలామంది అడగరు. పోలీసులు మనిషిని పిలిచేది మూడు రకాలుగా. సాక్షిగా పిలిస్తే బీఎన్‌ఎస్‌ఎస్ 179వ సెక్షన్ కింద నోటీసు రాసి ఇవ్వాలి, ఆడవాళ్లని, 15 ఏళ్లలోపు పిల్లలని, 60 దాటిన వాళ్లని స్టేషన్‌కి రమ్మని బలవంతం చేయకూడదు, పోలీసులే ఇంటికొచ్చి అడగాలి. నిందితుడే గానీ ఇప్పుడు అరెస్ట్ అక్కర్లేదు అనుకుంటే 35(3) నోటీసు ఇస్తారు, పాత రోజుల్లో 41ఏ నోటీసు అనేవాళ్లం అదే ఇది. మూడోది అరెస్ట్.

35(3) నోటీసు వచ్చిందంటే భయపడి ఫోన్ స్విచాఫ్ చేసి ఊరు దాటేవాళ్లున్నారు, దయచేసి ఆ పని చేయకండి. ఆ నోటీసుకి వెళ్తూ సహకరిస్తున్నంత కాలం అరెస్ట్ చేయకూడదు, చేయాలంటే కారణం రాయాలి. వెళ్లకపోతే మాత్రం అదే కారణంగా అరెస్ట్ చేయొచ్చు. వెళ్లేటప్పుడు నోటీసు జిరాక్స్ తీసుకెళ్లండి, హాజరయ్యానని ఏదో ఒక కాగితం మీద సంతకం, తేదీ అడగండి, ఇవ్వకపోతే బయటికొచ్చాక ఫలానా టైమ్‌కి వచ్చి వెళ్లాను సార్ అని ఆ ఎస్సై నంబర్‌కే మెసేజ్ పెట్టండి. ఈ నోటీసు వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో చెప్పింది, చేతికే ఇవ్వాలి, అయినా వాట్సాప్‌లో వచ్చింది కదా అని పట్టించుకోకుండా ఉండిపోవద్దు, లాయర్‌కి చూపించి రాతపూర్వకంగా జవాబు ఇప్పించండి.

7 ఏళ్లు, అంతకంటే తక్కువ శిక్ష పడే కేసుల్లో ఆటోమేటిక్‌గా అరెస్ట్ చేయొద్దని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, అది భార్య పెట్టిన 498ఏ కేసులో వచ్చిన తీర్పే గానీ దొంగతనం, చీటింగ్, ఇంకా చాలా కేసులకి వర్తిస్తుంది. అలాగే మూడేళ్ల కంటే తక్కువ శిక్ష ఉన్న కేసులో మనిషికి 60 దాటినా, ఆరోగ్యం బాగా లేకపోయినా డీఎస్పీ పర్మిషన్ లేకుండా అరెస్ట్ చేయకూడదు, ఇది కొత్త చట్టంలో వచ్చింది. మీ నాన్నగారి వయసుకి ఆధార్, ఆరోగ్యానికి ఆసుపత్రి కాగితాలు వెంట పెట్టుకుని వెళ్లండి.

ఆడవాళ్లని సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయం ముందు మామూలుగా అరెస్ట్ చేయకూడదు, తప్పదంటే మహిళా ఆఫీసర్ ముందుగా మేజిస్ట్రేట్ అనుమతి తీసుకుని చేయాలి. 18 లోపు పిల్లాడైతే లాకప్‌లో పెట్టడానికే వీల్లేదు, జువెనైల్ బోర్డు ముందుకి తీసుకెళ్లాలి, కాబట్టి పదో తరగతి మెమోనో బర్త్ సర్టిఫికెటో ముందే పట్టుకెళ్లండి.

అరెస్టే చేశారు అంటే అరెస్ట్ మెమో ఉండాలి, దాని మీద ఇంట్లో మనిషో ఊళ్లో పెద్దమనిషో సాక్షి సంతకం ఉండాలి. ఆ సంతకం మీరే పెడుతుంటే టైమ్ చూసి పెట్టండి, టైమ్ తప్పుగా రాసి ఉంటే మీ సంతకం కింద అసలు టైమ్ మీ చేత్తో వేయండి. ఎందుకు అరెస్ట్ చేశారో కారణాలు రాతలో, అతనికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలని సుప్రీంకోర్టు 2025 నవంబర్‌లో స్పష్టంగా చెప్పింది, అది కూడా మేజిస్ట్రేట్ ముందు పెట్టడానికి కనీసం రెండు గంటల ముందు చేతికి అందాలి. ఇవ్వలేదంటే లాయర్‌కి అది మంచి పాయింట్, మర్చిపోకుండా చెప్పండి. తెల్ల కాగితాల మీద సంతకం మాత్రం ఎవరడిగినా పెట్టొద్దు. పోలీసులు రాసుకునే స్టేట్‌మెంట్ మీద సంతకం తీసుకోకూడదని చట్టమే చెప్తుంది, పోలీసుల ముందు నేరం ఒప్పుకున్నా అది కోర్టులో సాక్ష్యంగా చెల్లదు, ఒప్పుకుంటే వదిలేస్తాం అనే మాట నమ్మి చాలామంది కుర్రాళ్లు ఇరుక్కుంటారు. ఆ మాటల వల్ల ఏదైనా వస్తువు దొరికితే అంతవరకు వాడుకోవచ్చు, అది వేరే సంగతి.

మూడో పని, సెక్షన్ నంబర్

ఎఫ్ఐఆర్ కాపీ సంపాదించండి. 2016లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆర్డర్ ప్రకారం ఎఫ్ఐఆర్‌లు 24 గంటల్లో పోలీస్ వెబ్‌సైట్‌లో పెట్టాలి, లైంగిక నేరాలు, పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) లాంటివి తప్ప, కాబట్టి మీ రాష్ట్ర పోలీస్ వెబ్‌సైట్‌లో ముందు చూడండి, లేకపోతే స్టేషన్‌లో అప్లికేషన్ పెట్టండి, అదీ కాకపోతే లాయర్ కోర్టు నుంచి తీసుకుంటాడు. కాపీ వచ్చేలోపు కనీసం స్టేషన్ రైటర్‌ని అడిగి క్రైమ్ నంబర్, సెక్షన్లు రాసుకుని రండి.

ఆ సెక్షన్లు బెయిలబులా నాన్ బెయిలబులా అన్నదాని మీదే అంతా నడుస్తుంది. బెయిలబుల్ అయితే బెయిల్ మీ హక్కు, స్టేషన్‌లోనే ఇవ్వాలి, దీన్నే జనం స్టేషన్ బెయిల్ అంటారు. నిర్లక్ష్యంగా బండి నడిపి మనిషి చనిపోయిన కేసు, అంటే బీఎన్‌ఎస్ 106(1), శిక్ష ఐదేళ్ల దాకా ఉన్నా బెయిలబులే, ఈ సంగతి తెలియక డ్రైవర్ల ఇళ్లల్లో వాళ్లు ఎంత భయపడిపోతారో, అప్పులు చేసి మరీ ఎవరెవరికో డబ్బులిస్తారు. చిన్న కొట్లాట, చేత్తో కొట్టడం వరకే అయితే 115(2), అదీ బెయిలబులే. అదే భర్త, అత్తమామల వేధింపులు 85, చీటింగ్ 318(4), ఇవి నాన్ బెయిలబుల్ (బెయిల్ ఇవ్వాలా వద్దా అన్నది కోర్టు చేతిలో ఉంటుంది) గానీ 7 ఏళ్లలోపు శిక్షే కాబట్టి చాలాసార్లు 35(3) నోటీసుతోనే పోతాయి. హత్యాయత్నం 109, హత్య 103, ఇవైతే రిమాండ్, అంటే మేజిస్ట్రేట్ జైలుకి పంపడం, తప్పదనే అనుకుని సిద్ధపడండి.

గంజాయి కేసు అయితే సంగతే వేరు. ఎన్ని కేజీలు పట్టుకున్నట్టు రాశారన్నదే ముఖ్యం, ఒక కేజీ లోపు చిన్న మొత్తం కింద లెక్క, 20 కేజీలు దాటితే కమర్షియల్ క్వాంటిటీ, అప్పుడు ఎన్‌డీపీఎస్ (మత్తు పదార్థాల చట్టం) 37వ సెక్షన్ వల్ల బెయిల్ చాలా కష్టం. బ్యాగు తీసుకెళ్లి ఫలానా చోట ఇవ్వు, ఐదు వేలిస్తా అంటే ఒప్పుకున్న డిగ్రీ పిల్లలు ఇందులో నెలల తరబడి ఉండిపోతున్నారు. మీ పిల్లలకి ఇది ఒక్కసారి కూర్చోబెట్టి చెప్పండి.

నాలుగో పని, లాయర్

విచారణ జరిగేటప్పుడు లాయర్‌ని కలిసే హక్కు బీఎన్‌ఎస్‌ఎస్ 38వ సెక్షన్‌లో ఉంది, అంతసేపూ పక్కన కూర్చోనివ్వరు గానీ కలవనివ్వాలి. ఆ ఊళ్లో క్రిమినల్ కేసులు రోజూ చూసే లాయర్‌ని పెట్టుకోండి, భూమి కేసులు చూసే మీ బంధువు లాయరైనా సరే ఈ పనికి వద్దు. ఫీజు ముందే మాట్లాడుకోండి, రిమాండ్‌కి ఎంత, బెయిల్ పిటిషన్‌కి ఎంత, కేసు మొత్తానికి ఎంత అని విడివిడిగా అడగండి, అడిగితే ఏమనుకుంటారో అనే మొహమాటం వద్దు.

డబ్బుల్లేకపోతే ఏం చేయాలంటే, కస్టడీలో ఉన్న మనిషికి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇవ్వాలి, 1987 లీగల్ సర్వీసెస్ చట్టంలో 12వ సెక్షన్ ఇదే. ఆడవాళ్లకి, పిల్లలకి, ఎస్సీ ఎస్టీలకి కూడా అంతే. 15100కి ఫోన్ చేయండి, లేదా జిల్లా కోర్టు ఆవరణలో ఉన్న న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకి నేరుగా వెళ్లండి. ఫ్రీ లాయర్ కదా ఏం చూస్తాడు అని చాలామంది అంటారు, వాళ్లల్లో రోజూ బెయిల్ పిటిషన్లు వేసే మంచి వాళ్లున్నారు, వెళ్లి మాట్లాడి చూసి నిర్ణయించుకోండి.

ఐదో పని, రిమాండ్ రోజు కోర్టుకి వెళ్లండి

ఆదివారమైనా పండగైనా మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి, సెలవు రోజు అయితే జడ్జి గారి ఇంటికే తీసుకెళ్తారు. జడ్జి గారు సాధారణంగా పోలీసులు ఏమైనా కొట్టారా, ఎప్పుడు పట్టుకున్నారు, ఇంట్లో వాళ్లకి చెప్పారా, లాయర్ ఉన్నాడా అని అడుగుతారు. అక్కడ భయపడి ఏమీ లేదండీ అన్నాడంటే తర్వాత ఎన్ని చెప్పినా నమ్మించడం కష్టం. కొడితే కొట్టారని, ఎక్కడ నొప్పి ఉందో చూపించి చెప్పమని లాయర్ ద్వారా ముందే చెప్పించండి. అరెస్టవగానే డాక్టర్ పరీక్ష చేయాలి, ఆ రిపోర్ట్ కాపీ అతనికో అతను చెప్పిన మనిషికో ఇవ్వాలి, అది అడిగి తీసుకోండి. పోలీస్ స్టేషన్లలో సీసీ కెమెరాలు ఉండాలని సుప్రీంకోర్టు 2020లో ఆర్డర్ ఇచ్చింది, కొట్టిన కేసు అయితే ఆ ఫుటేజ్ భద్రపరచమని లాయర్ చేత వెంటనే పిటిషన్ వేయించండి.

షుగర్, బీపీ, ఫిట్స్ లాంటివి ఉంటే మందుల చీటీ, మందులు రెండూ తీసుకెళ్లి జడ్జి గారి దృష్టికి తేండి, జైలు డాక్టర్‌కి రాస్తారు. జైలుకెళ్లాక ములాఖత్‌కి, అంటే లోపలున్న మనిషిని కలవడానికి, మీ ఆధార్ కార్డు కావాలి, ఈ-ములాఖత్ అని ఆన్‌లైన్‌లో ముందే నమోదు చేసుకునే పద్ధతి కూడా ఉంది.

ఆరో పని, బెయిల్, జామీనుదారులు

బెయిల్ వచ్చింది అని ఇంట్లో స్వీట్లు పంచుకుంటారు, తీరా చూస్తే మనిషి ఇంకో వారమైనా బయటికి రాడు, ష్యూరిటీలు, అంటే జామీను ఉండేవాళ్లు, దొరక్క. కాబట్టి బెయిల్ పిటిషన్ వేసిన రోజే జామీనుకి మనుషుల్ని చూసుకోండి. మామూలుగా ఇద్దరు కావాలంటారు, ఇంటి పన్ను రసీదు, ఆధార్, ఫోటోలు, పొలం ఉంటే పాస్‌బుక్, ఉద్యోగి అయితే జీతం సర్టిఫికెట్, కొన్ని కోర్టులు తహసీల్దార్ ఇచ్చే సాల్వెన్సీ సర్టిఫికెట్ (అంత ఆస్తి ఉందని చెప్పే కాగితం) అడుగుతాయి, దానికి టైమ్ పడుతుంది కాబట్టి ముందే కనుక్కోండి. కోర్టు బయట డబ్బులు తీసుకుని జామీను పెట్టేవాళ్లు దొరుకుతారు, వాళ్ల కాగితాలు దొంగవని తేలితే బెయిల్ పోవడమే కాక కొత్త కేసు మెడకి చుట్టుకుంటుంది, ఎంత తొందరైనా ఆ దారి వద్దు. జామీను ఉండే బావమరిదికో స్నేహితుడికో కూడా నిజం చెప్పండి, మనవాడు వాయిదాలకి రాకపోతే జామీను డబ్బు కోర్టు వాళ్ల దగ్గర వసూలు చేస్తుంది.

నిజంగా ఎవరూ దొరకకపోతే, బెయిలబుల్ కేసులో వారం దాటినా జామీను ఇవ్వలేని మనిషిని పేదవాడిగా అనుకుని జామీనుదారులు లేకుండా సొంత బాండ్ మీద వదలాలని బీఎన్‌ఎస్‌ఎస్ 478వ సెక్షన్‌లో ఉంది. నాన్ బెయిలబుల్ కేసుల్లో బెయిల్ వచ్చాక 7 రోజులైనా విడుదల కాకపోతే జైలు వాళ్లు న్యాయ సేవాధికార సంస్థకి చెప్పాలని సుప్రీంకోర్టు 2023లో ఆదేశాలిచ్చింది, షరతులు తగ్గించమని పిటిషన్ వేయొచ్చు.

ఇక్కడ ఒక లెక్క గోడ మీద క్యాలెండర్‌లో రాసి పెట్టుకోండి. రిమాండ్ అయిన రోజుతో కలిపి 60 రోజుల్లో, పదేళ్లు అంతకంటే ఎక్కువ, యావజ్జీవం, ఉరి పడే కేసైతే 90 రోజుల్లో పోలీసులు చార్జిషీట్ (దర్యాప్తు అయ్యాక కోర్టులో వేసే అభియోగ పత్రం) వేయకపోతే బెయిల్ హక్కుగా వస్తుంది, 187వ సెక్షన్. గంజాయి కమర్షియల్ అయితే 180 రోజులు. ఇది దానంతటదే రాదు, గడువు దాటిన మర్నాడు పొద్దున్నే, చార్జిషీట్ పడకముందే పిటిషన్ పడాలి, మధ్యాహ్నం చార్జిషీట్ వేసేశాక వెళ్తే హక్కు పోయినట్టే. ఈ ఒక్క తేదీ మర్చిపోయి మనుషులు అదనంగా ఎన్నో నెలలు లోపల ఉండటం నాకు చాలా బాధగా ఉంటుంది, అందుకే లాయర్‌కి వారం ముందు నుంచే గుర్తు చేయండి, విసుక్కున్నా పర్లేదు.

ఇంకా అరెస్ట్ కాలేదు, చేస్తారేమో అనే భయం ఉంటే ముందస్తు బెయిల్, 482వ సెక్షన్, మామూలుగా ముందు సెషన్స్ కోర్టులో వేస్తారు, అక్కడ కొట్టేస్తే హైకోర్టు. ఎస్సీ ఎస్టీ అట్రాసిటీ కేసుల్లో ముందస్తు బెయిల్‌కి ఆ చట్టంలోని 18వ సెక్షన్ అడ్డం, ఫిర్యాదు చదివితేనే ఆ నేరం కనపడట్లేదు అన్నప్పుడే కోర్టు చూస్తుంది.

ఇంకోటి, వీడియో కాల్‌లో పోలీస్ డ్రెస్ వేసుకుని మీరు డిజిటల్ అరెస్ట్‌లో ఉన్నారు, కెమెరా ముందు నుంచి కదలొద్దు అంటే అది వంద శాతం మోసం, అలాంటి అరెస్ట్ ఏ చట్టంలోనూ లేదు. కాల్ కట్ చేయండి, డబ్బు పంపేసి ఉంటే ఆ నిమిషమే 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే అవతలి ఖాతాలో డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

బయటికొచ్చాక

బెయిల్ ఆర్డర్ కాపీలో షరతులు ఒక్కొక్కటీ చదివించుకోండి, ప్రతి ఆదివారం స్టేషన్‌లో సంతకం పెట్టాలని ఉంటే పెట్టాల్సిందే, పెట్టినప్పుడల్లా ఫోటో తీసుకోండి. ఫిర్యాదు చేసిన వాళ్ల ఇంటికి వెళ్లి కేసు వాపస్ తీసుకో అని అడగటం, ఫోన్లు చేయడం అస్సలు వద్దు, సాక్షుల్ని బెదిరించారని బెయిల్ రద్దు చేయిస్తారు. రాజీ ఉద్దేశం ఉంటే లాయర్ల ద్వారానే మాట్లాడండి, చిన్న సెక్షన్లయితే లోక్ అదాలత్‌లో అయిపోతుంది, భార్యాభర్తల కేసులాంటివైతే ఇద్దరూ ఒప్పుకున్నాక హైకోర్టు 528వ సెక్షన్ కింద కొట్టేయగలదు.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న అబ్బాయి మీద ఇక్కడ కేసు పడితే, నేను ఊళ్లో లేను కదా అని ఊరుకోకండి, లుక్ అవుట్ సర్క్యులర్ (ఎయిర్‌పోర్టుల్లో ఈ మనిషిని ఆపమని ఇచ్చే ఆదేశం) ఉంటే చెల్లి పెళ్లికి వచ్చిన రోజే ఎయిర్‌పోర్ట్‌లో ఆపేస్తారు, కేసు పెండింగ్‌లో ఉంటే పాస్‌పోర్ట్ రెన్యువల్‌కి కూడా కోర్టు పర్మిషన్ కావాలి. అక్కడి నుంచే లాయర్‌ని పెట్టుకుని కేసు ఎక్కడిదాకా వచ్చిందో చూసుకోండి.

వాయిదాలు ఈకోర్ట్స్ యాప్‌లో మీరే చూసుకోవచ్చు, సీఎన్ఆర్ నంబర్ అని 16 అక్షరాలది ఉంటుంది, లాయర్ని అడిగి తీసుకోండి. జ్వరమొచ్చో పనుండో వాయిదాకి వెళ్లలేకపోతే ఆ రోజు పొద్దున్నే లాయర్‌కి చెప్తే ఆబ్సెంట్ పిటిషన్ వేస్తాడు, చెప్పకుండా మానేస్తే నాన్ బెయిలబుల్ వారెంట్ వస్తుంది. ఒకవేళ వారెంట్ వచ్చేసిందా, పోలీసులు వచ్చేదాకా ఆగొద్దు, మర్నాడే లాయర్‌తో కోర్టుకి వెళ్లి వారెంట్ రీకాల్ పిటిషన్ వేయించండి, రాలేకపోయిన కారణానికి డాక్టర్ చీటీయో టికెట్టో ఉంటే తీసుకెళ్లండి, వాళ్లంతట వాళ్లే వచ్చి నిలబడిన మనిషిని చాలా కోర్టులు కొద్దిపాటి ఫైన్ వేసి పంపించేస్తాయి.